ఎవరి పోలిక అని అడిగిన డాక్టరమ్మ

మద్దిలపాలెంలో మా డాక్టరమ్మగారు పోయారు. పోర్టులో డ్యూటీ దిగి వస్తూ మా ఆయనే విని వచ్చి చెప్పాడు. చెప్పి, అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడ విన్న మాటలకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చెయ్యి పడితే సుఖప్రసవమేనని ఒకరు, మా పిల్లలందర్నీ ఆవిడే తీశారని ఇంకొకరు. పుట్టినవాళ్ళందర్నీ తలుచుకున్నారు. పోయిన పిల్లల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. చావింట్లో కూడా ఆ చావులు అశుభమే కాబోలు! ఆ రోత భరించలేకే ఇది రాస్తున్నాను.

ఆవిడ క్లినిక్‌లో గర్భిణులు కూర్చునే బెంచీ ఒకటి ఉండేది. బిడ్డ పోయిన తల్లిని దాని మీద కూర్చోనిచ్చేవారు కాదు. కాంపౌండరు వెనక గుమ్మంలోంచి తిన్నగా లోపలికి తీసుకెళ్ళాలి. డాక్టరమ్మ జారే కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ, "ముందు ఏడువమ్మా, బీపీ తర్వాత చూద్దాం" అనేవారు. కృష్ణా జిల్లా మనిషి, మాట కరుకు. బయట ఎవరైనా గొణిగితే "మీ వంతు ఎక్కడికీ పోదు" అని కసిరేవారు.

నాకు తొలికాన్పు నొప్పులు వచ్చిన రోజున ఆవిడ ఊళ్ళో లేరు. వేరే ఆసుపత్రికి వెళ్ళాం. బిడ్డ కడుపులోనే పోయింది. నేను తల తిప్పేలోగా గుడ్డలో చుట్టి పట్టుకుపోయారు. "సూడకే, సూస్తే మళ్ళీ కాన్పూ ఇలాగే అవుద్ది" అని మా అత్త నా కళ్ళు మూసి, తనూ మొహం తిప్పుకుంది. ఆడో మగో కూడా చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా "మరిసిపో" అన్నారు. మా ఆయన బిడ్డని పూడ్చి వచ్చి, నోరు కుట్టేసుకున్నట్టు ఊరుకున్నాడు.

ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. అవి ఎండిపోవాలని అత్త నా రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కట్టింది. నలిగిన పూలు, పులిసిన పాలు, చెమట కలిసిన వాసన. ఇప్పటికీ నేను మల్లెపూలు తల్లో పెట్టుకోను. పరామర్శకని ఆనందపురం నుంచి వచ్చిన చుట్టాలు సుష్టుగా తిని, నా మంచం పక్కనే కిళ్ళీలు నమిలారు. "వయసు సిన్నదే కదేటి, ఏడాది తిరక్కుండా ఇంకోటి కంటాది" అందొకావిడ. దూడ చచ్చిన గేదె అరిస్తే అయ్యో పాపం అనే మనుషులే వీళ్ళు. కుళాయి దగ్గరికి వెళ్తే పక్కింటావిడ తన పసిపిల్లని కొంగు కింద దాచేది. మనుషుల మొహం చూడాలంటేనే అసహ్యం వేసింది.

నేను చూపించుకోడానికి వెళ్ళకపోయేసరికి డాక్టరమ్మే మా ఇంటికి వచ్చారు. చాప మీద కూర్చున్నారు. పురిటింటికి ఎవరొచ్చినా అడిగే మాటే ఆవిడా అడిగారు.

"బిడ్డ ఎవరి పోలిక?"

అత్త నిర్ఘాంతపోయింది. "ఏటమ్మా ఆ మాట? పోయినోళ్ళకి పోలికేటి? దాన్ని మరిపిద్దారని మేం సూత్తంటే..."

"మీరు మరిచిపోండి. మోసిన మనిషి ఎట్లా మరుస్తుంది?" అని, డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగారు. "ఎత్తుకున్నది నువ్వేగా. నువ్వు చెప్పు."

గుమ్మం పట్టుకు నిలబడ్డ మనిషి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఆడపిల్లండి. నాను సూసేను. జుత్తు ఒత్తుగా ఉందండి. గెడ్డం అచ్చం మాయమ్మదేనండి."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలి మొహం తనూ చూడలేదు మరి.

"ఎంత ఉందయ్యా?" మెల్లగా అడిగారు డాక్టరమ్మ.

"ఇంతుందండి" అని రెండు చేతులూ ఎడంగా పట్టి చూపించాడు. పోర్టులో బరువులెత్తే చేతులు అవి. నా కూతుర్ని నేను చూసుకున్నది అప్పుడే. నేను తనివితీరా చూసేదాకా అతను ఆ చేతులు దించలేదు.