మాస్టారు వేసిన అర మార్కు

మా సోషల్ మాస్టారు పోయారని వాళ్ళ కోడలు ఫోన్ చేసేసరికి నేను చెరుకు నరికేవాళ్ళకి టీ పోస్తున్నాను. "మావయ్యగారు పొద్దున్నే వెళ్ళిపోయేరక్కా" అంది. మనిషన్నాక అయ్యో అనాలి కదా. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఇంకా పెట్టలేదే!" అన్న మాట. ఆవిడకి అర్థం కాలేదు. ఫోన్ పక్కన పడేసి గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఏం పెట్టలేదో మీకైనా చెప్పుకోకపోతే నేను బతకలేను.

చోడవరానికి ఆటోలో పోయి వచ్చే పల్లె మాది. తొమ్మిదో తరగతి పరీక్షలో రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారని అడిగితే, "ప్రజలు" అని రాశాను. మా ఊళ్ళో సర్పంచ్‌ని ప్రెసిడెంటుగారనే అంటారు. ఆయనకి మా అమ్మా నాన్నా వరసలో నిలబడి ఓటేశారు. ఢిల్లీ ప్రెసిడెంటుకి మాత్రం వేరే పద్ధతి ఎందుకుంటుందనుకున్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు నవ్వలేదు. "తప్పే రాసేవు గుంటా. కానీ నీ ఆశలో తప్పు లేదు. దానికి అర మార్కు" అన్నారు.

మర్నాడు ఆ పాఠం మాచేత ఆడించారు. బల్లకొక ప్రతినిధి, మా బల్లకి నేను. ఆ ప్రతినిధులంతా కలిసి క్లాస్ లీడర్ని ఎన్నుకోవాలి. "ఎమ్మెల్యేలూ ఎంపీలూ రాష్ట్రపతిని ఇలాగే ఎన్నుకుంటారు. కాకపోతే వాళ్ళది చీటీ మీద రహస్య ఓటు, మీరు చెయ్యెత్తండి" అన్నారు. మా బల్లవాళ్ళు చెప్పిన పేరు ఒకటి. నాకు జామకాయ ఇచ్చినవాడు ఇంకొకడు. నేను జామకాయకి చెయ్యెత్తాను. బల్ల మొత్తం వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాస్టారు తిట్టలేదు. "చెయ్యెత్తే ముందు నిన్ను పంపిన బల్లకేసి ఓసారి సూడమ్మా" అన్నారు, అంతే.

రిటైరయ్యాక కూడా ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. చోడవరంలో టీకొట్టు బల్ల మీద రాష్ట్రపతి ఎన్నికలో ఒక్కో ఎమ్మెల్యే ఓటుకి ఎంత విలువో లెక్క వేసేవారు. "ఇప్పటికీ డెబ్భై ఒకటి జనాభా లెక్కలతోనే కొలుస్తన్నారు, ఆ తరవాత పుట్టినోళ్ళు మనుషులు కారా?" అని గొడవపడేవారు. టీకొట్టతను గుడ్డతో తుడిచేస్తే మళ్ళీ వేసేవారు. రాష్ట్రపతిని నేరుగా ఎన్నుకోవాలనేవారు కాదు. పాలించేది మంత్రివర్గం కాబట్టి అలా చేస్తే ప్రధానితో పేచీ వస్తుందనేవారు. ఆయన బాధంతా మండలాధ్యక్షుల గురించి. ఒకప్పుడు వాళ్ళని జనమే ఎన్నుకునేవారు. ఆ ఎన్నికలో మాస్టారు పోలింగ్ డ్యూటీ చేశారు కూడా. తరవాత రాజ్యాంగం మార్చి ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకునేలా పెట్టారు. "మన బోరు బాగుచేయించే మనిషిని మనం ఎన్నుకోకూడదా?" అని అడిగేవారు. మండలం మీటింగ్ ఎప్పుడు పెట్టినా వచ్చి, హాల్లో చిట్టచివరి బల్ల మీద గొడుగు పట్టుకుని కూర్చునేవారు.

మహిళా రిజర్వేషన్‌లో నేను ఎంపీటీసీనయ్యాను. గెలిచిన సంతోషం తీరకుండానే మమ్మల్ని బస్సెక్కించి క్యాంపుకి తీసుకుపోయారు. ఫోన్లు లాక్కున్నారు. అధ్యక్ష ఎన్నిక రోజున బస్సు తిన్నగా మండలాఫీసు గుమ్మంలో ఆగింది. మా ఊరు కోరుకున్న మనిషి ఒకరైతే, పార్టీ విప్ ఇచ్చింది ఇంకొకరికి. విప్‌కే చెయ్యెత్తేశాను. వెనక్కి చూడలేదు. చూస్తే ఆయన కళ్ళు ఉంటాయని తెలుసు.

వరండాలో మాస్టారు ఎదురొచ్చారు. "ఏటమ్మా, చెయ్యి నొప్పెట్టిందా?" అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చారు. మండలాధ్యక్షుల్ని మళ్ళీ ప్రజలే ఎన్నుకునేలా రాజ్యాంగం సవరించమని కోరుతూ తీర్మానం. "ఇది ఢిల్లీ దాకా ఎళ్ళదని నాకూ తెలుసు. ఓడిపోయినా పర్లేదు, మినిట్స్ పుస్తకంలో ఉండాల. నేనుండగా పెట్టు తల్లీ" అన్నారు.

పెడతానన్నాను. పెట్టలేదు. పెడితే పార్టీవాళ్ళు మా ఊరి కల్వర్టు ఆపేస్తారని భయం. ఆ కల్వర్టు ఎలాగూ రాలేదనుకోండి. ప్రతి మీటింగ్‌కీ కాగితం బ్యాగులో వెళ్ళేది, బ్యాగులోనే తిరిగొచ్చేది. చివరి బల్ల నుంచి ఆయన చూసేవారు.

తరవాత ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళితే నా మొహంకేసి చూసి, మాట ముద్దముద్దగా, "పెట్టేవా?" అన్నారు. పాపిష్టి నోరు! "పెట్టేను మాస్టారూ" అనేశాను.

"ఎంతమంది ఎత్తేరు?"

"అందరూ."

మూతి ఒకవైపే కదిలింది. "అందరూనా," అన్నారు, "అర మార్కు."

అబద్ధమని తెలిసిపోయింది. తెలిసీ నా ఆశకి మళ్ళీ అర మార్కే వేశారు. ఆ తరవాత ఆయన గుమ్మం తొక్కే ధైర్యం రాలేదు నాకు. పదిహేను రోజులకి పోయారు.

మొన్నటి మీటింగ్‌లో ఆ కాగితం చదివాను. నాలుగు వాక్యాలు చదవడానికి మూడుసార్లు మళ్ళీ మొదటికొచ్చాను. ఎవరో కిసుక్కున నవ్వారు. "సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు ఎంపీడీవోగారు. ఎత్తేముందు ఈసారి వెనక్కి చూశాను. చివరి బల్ల మీద మాకు పంచాల్సిన టిఫిన్ పొట్లాలు పేర్చి ఉన్నాయి.

ఎత్తాను. చుట్టూ ఇంకో చెయ్యి లేదు.

"దించండమ్మా, రాసేసేను" అన్నారాయన.

"ఏటి రాసేరు?"

"వీగిపోయిందని."

అయినా దించలేకపోయాను. అందరూ పొట్లాలకోసం లేచారు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

నొప్పెడతంది మాస్టారూ.