సగం చచ్చిన హెచ్చరిక

పర్ణశాలకు పోయే రోడ్డు పక్కన ముత్యాలు, శ్యామల అనే ఆలుమగలు ఒక టీ హోటల్ నడుపుతున్నారు. 2006 వానాకాలంలో గోదావరి పొంగి బస్సులు ఆగినప్పుడల్లా నేను అక్కడే చిక్కుకునేవాణ్ణి. బస్సులు నడిచిన రోజుల్లో కూడా చిక్కుకునేవాణ్ణి. ఆ ఇద్దరి మాటలు వింటుంటే బల్ల మీంచి లేవబుద్ధి కాదు. ఆయన ఒక సంగతి మొదలుపెడితే ఆమె లాక్కుంటుంది. ఆమె చెప్పేదాన్ని ఆయన అడుగడుగునా సవరిస్తాడు.

యాభై దాటిన ముత్యాలును ఊళ్లో ఇప్పటికీ 'రేడియో ముత్యాలు' అనే పిలుస్తారు. ఎందుకని ఒకరోజు అడిగాను.

"చెప్పు, చెప్పు. నీ ఘనకార్యం తమ్మునికి గూడ చెప్పు" అంది శ్యామల, పొయ్యి మీద పాలు కలుపుతూ.

"ఘనకార్యమే మరి. అది లేకుంటే నువ్వు నాకు యాడ దొరుకుతువు?" అన్నాడాయన.

అది డెబ్బైల నాటి సంగతి. ముత్యాలు అప్పుడు పెళ్లికాని కుర్రవాడు. పంచాయతీ వాళ్లకు ఒక రేడియో ఉండేది. సాయంత్రం దాన్ని అరుగు మీద పెట్టి వార్తలు వినిపించడం అతని పని. వినిపిస్తే సరిపోదు. ఐదో తరగతి దాకా చదివాడు కాబట్టి రేడియో తెలుగును ఊరి తెలుగులో విడమరిచి చెప్పాలి. ఆయన చెప్పినదాన్ని జంపక్క అనే కోయ ఆమె తన వాళ్లకు కోయమాటలో చెప్పేది. అలా ఒక్కో వార్త ఊరంతా చేరేసరికి రెండు చేతులు మారేది. మారిన ప్రతిసారీ కాస్త ఒళ్లు చేసేది.

ఆ ఏడు తల్లాడలో ఒక చుట్టాల పెళ్లిలో ముత్యాలు శ్యామలను చూశాడు. పంక్తిలో మజ్జిగ పోస్తోందట.

"నాలుగుసార్లు పోపిచ్చుకున్నడు. కడుపా, కుండా అనుకున్న" అంది శ్యామల.

సంబంధం మాట కదిలింది. శ్రావణంలో ఆమె తండ్రి భిక్షమయ్య పిల్లవాణ్ణి చూడటానికి బయలుదేరి వచ్చాడు. ఆయనకు ఇల్లూ పొలమూ ముఖ్యం కాదు, అల్లుడు నాలుగు విషయాలు తెలిసినవాడై ఉండాలి. అంతకుముందు వచ్చిన ఇద్దరిని, తెలిసినవాళ్లే అయినా, మాట తీరు బాగాలేదని తిప్పిపంపాడు. ఈయన బస్సు దిగీ దిగగానే వాగులు పొంగి దారి మూసుకుపోయింది. ఆ రాత్రికి ముత్యాలు వాళ్లింట్లోనే ఆగాల్సి వచ్చింది.

సాయంత్రం అరుగు దగ్గర జనం కూడారు. కాబోయే మామకు ముందువరుసలో పీట వేశారు. వానకు రేడియో గరగరలాడుతోంది. ఆ గరగరలోంచి ఒక ముక్క స్పష్టంగా వినబడింది: "...ప్రమాద హెచ్చరికను ఉపసంహరించారు."

జంపక్క వెంటనే అందుకుంది. "ఏంది ముత్యాలూ, ఎవలనో సంహరిచ్చిండ్రంట?"

ఆ ఊరివాళ్లకు సంహారం కొత్త మాట కాదు. పర్ణశాల పక్కనే ఉన్నవాళ్లు. రాముడు ఎంతమంది రాక్షసులను సంహరించాడో చిన్నప్పటినుంచీ వింటున్నారు. తెలియనిది హెచ్చరిక. ఆ ఊళ్లో హెచ్చరికలు ఉండవు, డప్పు చాటింపే ఉంటుంది.

భిక్షమయ్య కూడా మెడ చాచి అడిగాడు. "అవ్ అబ్బాయ్, ఏందది?"

ముత్యాలుకూ ఆ మాట తెలియదు. తెలియదంటే పిల్ల పోతుంది. "ఆ పీట మీది మనిషి మొకం జూస్తే మజ్జిగే కనబడ్డది తమ్మీ" అన్నాడు నాతో.

కాబట్టి తెలియదనలేదు. "హెచ్చరికంటే ఒక ఆడమనిషి. చంద్రిక లేదా, గట్లనే. ప్రమాద హెచ్చరిక. అంటే శానా ప్రమాదమైన మనిషి. రాక్షసి అనుకోరాదుండ్రి. దాన్ని ఉపసంహరిచ్చిండ్రు."

"సంహరిచ్చుడు తెల్సు. ఉప ఏంది?" అన్నాడు భిక్షమయ్య. ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

ముత్యాలు చుట్టూ చూశాడు. ఎదురుగా ఉపసర్పంచ్ బీడీ కాలుస్తూ కనిపించాడు. ప్రాణం లేచివచ్చింది. "ఉప అంటే పూర్తిగ కాదు మామా. సర్పంచ్ అంటే నిండు, ఉపసర్పంచ్ అంటే సగం. గట్లనే దాన్ని సగమే సంపిండ్రు."

ఉపసర్పంచ్ బీడీ కింద పడేశాడు. "అంటే నేను సగం మనిషినారా?"

ఆ గొడవ సర్దుమణిగేలోపు జంపక్క కోయమాటలో వార్త చెప్పేసింది. ఆమె నోట పడ్డాక హెచ్చరికకు ఒక కన్ను పోయింది, ఒక కాలు ఈడుస్తోంది, కోపంతో భద్రాచలం వైపు నుంచి రోడ్డు పట్టుకుని వస్తోంది. ఆ మాట తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ముత్యాలే భయపడ్డాడట.

"అబద్ధం చెప్పినోనికి భయమేందయ్యా?" అంది శ్యామల.

"జంపక్క చెప్పినట్టు నేను చెప్పలే. ఆమె చెప్తే నిజమే అనిపిస్తది!"

తెల్లవారింది. నీళ్లు తీశాయి. ఖమ్మం నుంచి వచ్చే ఒకే ఒక్క బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఒక్కరూ ఎక్కలేదు. కుంటి రాక్షసి ఎదురొచ్చే రోడ్డు మీద ప్రయాణమేమిటి? కండక్టర్ కాసేపు చూసి, ఖాళీ బస్సు తోలించుకుపోయాడు. భిక్షమయ్య ఇంకో రోజు ఉండిపోయాడు. ముత్యాలు తల్లి కోడిని కోసింది. మామా అల్లుళ్లు పక్కపక్కనే కూర్చుని తిన్నారు, వాన గురించీ ఎడ్ల గురించీ మాట్లాడుకున్నారు. సంబంధం ఖాయమైనట్టే అనుకున్నాడు ముత్యాలు.

మర్నాడు భిక్షమయ్య ధైర్యం చేసి బస్సెక్కాడు. "నిన్న ఒక్కరు గూడ రాలేదేందే?" అని కండక్టర్ అడిగితే, ఆయన హెచ్చరిక కథంతా వివరంగా చెప్పాడు, కాబోయే అల్లుడి తెలివిని మెచ్చుకుంటూ. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి సీటు పట్టుకుని నవ్వాడు. "ఓ పెద్దమనిషీ, ఉపసంహరిచ్చుడంటే వాపస్ తీసుకునుడు. గోదారి తగ్గింది, ఇంక భయం లేదు, పోవచ్చు అని చెప్పిండ్రు. మీరేమో ఇంట్ల కూసున్నరు!"

ఆ తరువాత తల్లాడ దాకా ఎక్కిన ప్రతివాడికీ కండక్టర్ ఆ కథ చెబుతూనే ఉన్నాడు. భిక్షమయ్య కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఇక్కణ్ణుంచి కథ శ్యామలది.

"నాయిన ఇంట్లకు వస్తనే 'ఈ సంబంధం వద్దు' అన్నడు. ఏందని అమ్మ అడిగె. కోపంగనే చెప్పుడు మొదలువెట్టిండు. చంద్రిక కాడికి రాంగనే నాకు నవ్వాగలే. ఉపసర్పంచ్ కాడ అమ్మ చెంగు నోట్ల కుక్కుకున్నది. నాయిన ఇంకా కోపంగ, జంపక్క లెక్క కాలు ఈడ్సి సూపెట్టిండు తమ్ముడూ! ఈడ్సుకుంట ఈడ్సుకుంట ఆయనకే నవ్వొచ్చి గడప మీద కూలబడ్డడు."

నవ్వు తగ్గాక ఆమె అడిగిందట. "నాయినా, ఆడ నీకు మంచిగ పొద్దుపోయిందా?"

"పోయింది. కూర గూడ మంచిగుండె."

"మరి నేను ఆయన్నే చేసుకుంట."

"వానికి ఏం తెల్వదే బిడ్డా!"

"తెల్వకున్నా నీకోసం ఎంత తిప్పలు వడ్డడు! తెలిసినోళ్లు ఇద్దరొచ్చిరి, మనింట్ల ఒక్కలన్నా నవ్విండ్రా?"

"నవ్వుతోని కడుపు నిండుతదా?"

"కడుపుకు నేను గూడ పనిచేస్త. నవ్వు నేనొక్కదాన్నే ఎట్ల తెచ్చుకోను?"

భిక్షమయ్య ఒప్పుకున్నాడు. ఆ బస్సు కండక్టర్‌తోనే కబురు పంపాడు. కండక్టర్ ఫుట్‌బోర్డు మీంచే ఊరంతా వినేటట్టు అరిచాడు. "ముత్యాలూ! తల్లాడోళ్లు పిల్లనిస్తరట! లగ్గం మాట్లాడుకునేతందుకు జల్దీ రమ్మన్నరు!"

ఆ సాయంత్రం పంచాయతీ అరుగు మీద రేడియో మోగలేదు. దాన్ని తిప్పాల్సిన మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా తల్లాడ బస్సులో నిలబడి ఉన్నాడు.