కొత్తిమీర అమ్మే ఆమె చెయ్యి

"అవ్వా, నా కెమెరా ఏమన్నా ముట్టినావా?"

"నాకెందుకే దాంతో పని? యాడ నొక్కాల్నో కూడా తెలీదు."

"మరి ఫోటోలో ఈమె చెయ్యి యాల ఇట్ల చాచిండాది? నేను తీసినప్పుడు రెండు చేతుల్తో కొత్తిమీర కట్ట పట్టుకోని ఉండె!"

"నువ్వు సరిగ్గా సూసుకోకుండా నన్నంటావేందే?"

మనవరాలు హేమను అలా కసురుకున్నానే గానీ, కెమెరా తీసుకుని ఆ ఫోటోను మళ్ళీ మళ్ళీ చూశాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చదివింది మూడో తరగతే అయినా, కరెంటు ఏ వేళకిస్తే ఆ వేళకు ఒంటరిగా పొలానికి పోయి మోటారు వేసి వచ్చిన మనిషిని.

హేమ మా మదనపల్లె పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీలో చదువుతోంది. వీధుల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫోటోలు తీయడం దాని పిచ్చి. వాటిలో అందరూ బిగుసుకుపోయి ఉండేవారు. "దూరంగా నిలబడి దొంగ మాదిరి తీస్తే ఎవురు నవ్వుతారే? పక్కన కూసోని మాట్లాడాల" అని, మదనపల్లె నుంచి పుంగనూరు సంతకు నేనే వెంట వెళ్ళాను.

కొత్తిమీర అమ్ముతున్న ఒక ముసలామె పక్కన కూర్చున్నాను. పేరు రామక్క. ఒక్కడే కొడుకు, కుప్పంలో పని. ఫోటో అనగానే నా చెయ్యి పట్టుకుంది.

"నాకుండేది ఆధార్ ఫోటో ఒకటేనమ్మా. దాంట్లో పీనుగ మాదిరి ఉండాను. నేను పోతే మావాడు దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలిస్తాడు. మంచిదొకటి తీసి ఇస్తారా?"

"వచ్చే సంతకే తెచ్చిస్తా. నవ్వు" అన్నాను.

ఇచ్చే ఉద్దేశం నాకు అప్పుడే లేదు. నవ్వు రావాలని అన్నమాట అది. ఆమె నవ్వింది. హేమ ఒక్కటే ఫోటో తీసింది. ఆ నవ్వూ, కట్ట పట్టుకున్న ఆ చేతులూ బాగున్నాయని కాలేజీలో అందరూ అన్నారట.

ప్రింటు ఇచ్చొద్దామని తరువాత వచ్చిన రెండు సంతలకూ హేమ అడిగింది. "ఒక ఫోటో కోసం బస్సెక్కి పొయ్యొచ్చేదా? ఆమె ఎప్పుడో మర్సిపోయింటుంది" అని నేనే ఆపాను.

ఇప్పుడు కెమెరాలో నవ్వు అలాగే ఉంది. కట్ట ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి ఖాళీగా, అరచెయ్యి పైకి, మా వైపు చాచి ఉంది.

ఆ సాయంత్రమే స్టూడియోలో ప్రింటు వేయించాను.

మరునాడు ఉదయం మొదటి బస్సుకు పుంగనూరు వెళ్ళాం. సంత వీధిలో పూలమ్మే ఆమె రామక్క ఇల్లు చూపించింది. గోడ మీద పెద్దది చేయించిన ఆధార్ ఫోటో దండతో ఉంది. రామక్క పోయి అయిదు రోజులైందట.

కొడుకు మా ప్రింటు తీసుకుని చాలాసేపు చూశాడు.

"మాయమ్మ పస్తుండినా ఎవురి ముందరా చెయ్యి చాపలేదమ్మా. ఈడ ఎవుర్ని అడగతా ఉండాది?"

ఎవరినో నాకు తెలుసు. ఆ చెయ్యి అలా ఎట్లా వచ్చిందో మాత్రం హేమకూ తెలియదు, నాకూ ఈ రోజుకీ తెలియదు.

అతను ఆధార్ ఫోటో దించి, ఆ ఫ్రేములోనే మేమిచ్చినది పెట్టి, దండ మళ్ళీ వేశాడు.