చెత్త అనే ఫోల్డరు

పదకొండోసారి కంప్యూటరు బటన్ నొక్కాక ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నల్లటి తెర మీద చిన్న తెల్లగీత మిణుకుమంటోంది. పెట్టె లోపల ఎవరో గోటితో తడుతున్నట్టు టిక్కు టిక్కుమని చప్పుడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి వరండాలో ఇరవై రెండేళ్లుగా టైపు చేస్తున్న మనిషి ఆవిడ. ఏది టైపు చేసినా రెండు చోట్ల దాస్తుంది. టైపు మేడం చేతిలో పడ్డ కాగితం పోదని అక్కడ పేరు. మిషను పోయి కంప్యూటరు వచ్చినా ఆ అలవాటు పోలేదు. సి డ్రైవులో ఒకటి, డి డ్రైవులో ఒకటి.

ఇప్పుడు అందులో ఉన్నవి దస్తావేజులు కావు. భర్త గొంతు.

ఆయన సిటీ బస్సు కండక్టరు. గొంతులో గడ్డకి ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదనీ, ముందే కావలసిన మాటలు రికార్డు చేసుకుంటే తర్వాత ఫోనులో మీట నొక్కి పలికించుకోవచ్చనీ డాక్టరు చెప్పాడు. పన్నెండు రోజులు వంటింటి తలుపులు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆవిడ రాసిచ్చినవి ఆయన చదివేవాడు. నొప్పిగా ఉంది. మంచినీళ్లు. డాక్టర్ని పిలవండి.

రెండు వాక్యాలు చదివేసరికి దారి తప్పేవాడు. "పట్టుకోడానికి పైన కమ్మీ ఉంది, నా భుజం కాదు! జరగండి, జరగండి!"

"అది జాబితాలో లేదండీ."

"నీ జాబితా చదువుతుంటే నేను ఉత్త రోగినైపోతున్నానే. కాసేపు మనిషిలా ఉండనీ."

జాబితాలోవి 'అవసరం' అన్న ఫోల్డర్లో పెట్టింది. మిగతావన్నీ ఏరి, తీరిక దొరికినప్పుడు తుడిచేద్దామని 'చెత్త' అన్న ఫోల్డర్లో పడేసింది. తీరిక దొరకలేదు.

ఆపరేషనయి తొమ్మిది రోజులు. రేపు ఇంటికి పంపిస్తారు. నిన్న ఆసుపత్రిలో ఆయన పలక మీద రాశాడు: 'నా గొంతు భద్రమేనా?' ఆవిడ తలూపింది. ఫోనులోకి ఎక్కిద్దామని ఈ ఉదయం కంప్యూటర్ పెడితే, ఇదీ వరస.

పెట్టెని ఒళ్లో పెట్టుకుని ఆటోలో రిపేరు షాపుకి తీసుకెళ్లింది. మెకానిక్ నెరిసిన జుట్టు మనిషి. పెట్టెకి చెవి ఆనించి విన్నాడు.

"ఎన్నిసార్లు ఆన్ చేశారమ్మా?"

"పదకొండు."

"లెక్క మాత్రం బాగా పెట్టారు. గుండె నొప్పి వచ్చినవాణ్ణి పదకొండుసార్లు మేడ ఎక్కించినట్టే."

"ఫరవాలేదన్నయ్యా. రెండు చోట్ల దాచాను. సి లోనూ, డి లోనూ."

మెకానిక్ మరలు విప్పి, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కు బయటికి తీసి చూపించాడు. "సి ఇదే. డి కూడా ఇదే. ఒకే గదికి మధ్యలో తడిక కట్టి రెండన్నాం. కప్పు కూలితే రెండూ పోతాయమ్మా."

ఇరవై రెండేళ్ల జాగ్రత్త తడిక పాలయింది.

డిస్కుకి వైరు తగిలించి ఇంకో కంప్యూటరుకి కలిపాడు. టిక్కులు ఆగాయి. సన్నగా తిరుగుతున్న చప్పుడు. కాసేపటికి తెర మీద ఫోల్డర్లు కనిపించాయి. ఆవిడ లేచి నిలబడింది.

"కూర్చోండి. కనిపించినవన్నీ చేతికందవు. ఇది ఏ క్షణాన ఆగుతుందో తెలీదు. ఆగిందా, మళ్లీ లేవదు. ముందు ఏది తియ్యమంటారు?"

"అవసరం."

మెకానిక్ ఆ ఫోల్డరు మీదికి బాణం జరిపాడు. డిస్కు ఒకసారి టిక్కుమంది.

నొప్పిగా ఉంది. మంచినీళ్లు. తొమ్మిది రోజులుగా భర్త అవి పలక మీదే రాస్తున్నాడు. దాహమేస్తే బొటనవేలు నోటికి చూపిస్తున్నాడు. ఆ మాటలకి ఆయన గొంతే అక్కర్లేదు. ఎవరి గొంతయినా చాలు.

"ఆగండి! చెత్త. ముందు చెత్త తియ్యండి."

"చెత్తేనా అమ్మా?"

"చెత్తే."

పచ్చగీత చీమలా పాకడం మొదలైంది. ఆవిడ ఒళ్లో వేళ్లు ముడుచుకుని కూర్చుంది. టిక్కుమన్నప్పుడల్లా ఆ గీత ఆగేది, ఆవిడ కళ్లు మూసుకునేది. ఎనభై ఏడు ఫైళ్లు వచ్చాయి. 'అవసరం'లో నాలుగు వచ్చాక డిస్కు కర్రుమని, ఆగిపోయింది.

మెకానిక్ ఆవిడ మొహంలోకి చూడలేదు. "వచ్చాయన్నవి పలుకుతాయో లేదో చూద్దాం. కొన్ని పేరుకే ఉంటాయి, లోపల ఖాళీ."

ఒకటి నొక్కాడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత వంటింటి ఫ్యాను గరగర. కుర్చీ జరిగిన చప్పుడు.

"ఏమే టైపు మేడం, ఇది కూడా చెత్తలోనే వేస్తావా? వెయ్యి, వెయ్యి. చెత్తబుట్ట ఉండేదీ మనింట్లోనేగా."

మెకానిక్ నవ్వాపుకున్నాడు. "ఇంకోటి వినిపించమంటారా?"

"వద్దన్నయ్యా," అంది ఆవిడ. "ముందు ఇంకోచోట దాచండి. ఈ పెట్టెలో మాత్రం కాదు."