అవ్వ ఇంట్లో కదలని మీటరు

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేం కాదు, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, శక్తికి ప్రమాణం ఏమిటని నిద్రలో లేపి అడిగినా జౌలు అని చెప్పేవాణ్ణి. జౌలంటే ఎంత అని మెలకువలో అడిగితే మాత్రం నిద్ర నటించేవాణ్ణి. మాది భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టరు. కరెంటు కంపెనీదే, ఇంటికి మీటరు లేదు. అందుకే అన్నం నుంచి స్నానం నీళ్ల దాకా అన్నీ హీటరు మీదే. యూనిట్లు, బిల్లు అనేవి బయటి ప్రపంచపు కష్టాలని మా నమ్మకం. అలాంటి మాకు ఫిజిక్స్ సారు ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. "గంటసేపట్ల మీటర్ ఎంత తిరిగిందో సూసి, జౌళ్లల్లకు మార్చి తేవాలె. సోమవారం తేకుంటె బాపును తీస్కరావాలె." బాపు బడికి రావాలంటే డ్యూటీ నాగా పెట్టాలి. నాగా పెట్టి వచ్చాక నా వీపు మీద జరిగే పనికి ప్రమాణం మా పుస్తకంలో లేదు.

టౌన్లో ఉండే దోస్తుల మీటర్ల ముందు అప్పటికే క్వార్టర్ల పిల్లలు వరుస కట్టారు. నేను ఆదివారం బస్సెక్కి పాలకుర్తి దగ్గర మా అమ్మమ్మ ఊరికి పోయాను. (అమ్మమ్మను మేం అవ్వ అంటాం.) మీటరు అంకె రాసుకుని, దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఉక్కపోత మొదలైంది. చూస్తే ఫ్యాను ఆగి ఉంది, ఫ్రిజ్ మూగబోయింది.

"అవ్వా, ఫ్యాను ఎందుకు బంద్ జేసినవే?"

"నువ్వు మీటర్ సూస్తున్నవ్ గద బిడ్డా. బిల్లు పిలగాడు అచ్చినా గంతే, అన్ని బంద్ జేస్త."

"మీటర్ తిరగాలె అవ్వా, తిరిగితెనే నాకు మార్కులు."

"తిరిగితె మార్కులు నీకు, బిల్లు నాకు. మంచిగున్నది నీ సదువు!"

చివరికి జాలిపడి ఒక్క చిన్న ఎల్ఈడీ బల్బు వేసింది, పట్టపగలు. నాకు చెమట పడుతోందని విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. గంట గడిచింది. మీటరు మీద అంకె మారలేదు. తిరుగు బస్సు టైమైంది.

సోమవారం సారు నా కాగితం చూశాడు.

"సున్నానా? మీ అవ్వ ఇంట్ల కరెంటు లేదారా?"

"ఉన్నది సార్. వాడది."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వే స్థితిలో లేను. సారు మొత్తం కథ చెప్పించుకుని, "మరి గంటసేపు నీకు గాలెట్ల అచ్చింది?" అన్నాడు.

"అవ్వ ఇసనకర్రతోని ఇసిరింది సార్."

"గది పని గాదా? శక్తి ఖర్చు గాలేదా? గది జౌళ్లల్ల లెక్కగట్టు. బాపు అక్కర లేదు తియ్, పోయి కూసో."

బాపు అక్కర లేదన్న మాట తర్వాత సారు ఇంకేం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత బలం, ఎంత దూరం అని ఏవో అంకెలు ఊహించి గుణించాను. అవ్వ గంట కష్టం ఒక్క యూనిట్లో వెయ్యో వంతు దరిదాపుల్లో తేలింది. అంత చిన్న అంకె కోసం ఆమె భుజం ఎంత లాగిందో ఆ పిల్లగాడికి, అంటే అప్పటి నాకు, తోచలేదు. తర్వాతి రోజు పొద్దున బాపు డ్యూటీకి బయల్దేరుతుంటే, వీపు గండం తప్పిన సంబరంలో వాడు ఎదురెళ్లి బండి తుడిచాడు, టిఫిన్ డబ్బా అందించాడు, హెల్మెట్ చేతికిచ్చాడు.

"ఏంరా, ఏం జేసినవ్?" అన్నాడు బాపు అనుమానంగా.

వాడు బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.