మట్టి అక్కర్లేని మాస్టారు

తడి కనిపిస్తే చాలు, మా ఫల్గుణ మాస్టారు అందులో గింజ పెట్టకుండా ఉండలేరు. మట్టి మాత్రం ముట్టుకోరు. "మట్టిలో ఎవడైనా మొలిపిస్తాడండీ, అందులో మన గొప్పేముంది?" అంటారు. చింతపల్లి పైన కొండ మీది గూడెం ఆయనది. అక్కడి బడికి మైదానం నుంచి బదిలీ అయి వెళ్లిన నేను ఆయన పక్క వాటాలోనే దిగాను. ఆరేళ్లలో నా సబ్బుపెట్టెలో మెంతులు మొలిచాయి, తువ్వాలు మీద ఆవాలు మొలిచాయి. నేను కదలకుండా ఇంకో గంట కూర్చుంటే నా మీదా ఏదో మొలిపించేవారే.

ఆయన భార్య నిర్మల గోడు వేరు. "దిండు తడిసింది, ఎండలో వెయ్యవయ్యా అంటే పెసలు పోసేసాడు. ఏటి సెయ్యమంటారు, తల పెడితే మొలకలు గుచ్చుకుంటన్నాయి!"

ఒకసారి వానలో పాడేరు మీటింగుకి వెళ్లాం. ఆఫీసరుగారి ముందు మాస్టారు హెల్మెట్ తీస్తే జుట్టంతా పచ్చగా ఉంది.

"ఏంటయ్యా అది?"

"రాగులండీ సార్. హెల్మెట్ స్పాంజి తడిగా ఉంటే చల్లాను. ఇవాళ నాలుగో రోజు."

ఆయన అసలు ప్రేమ మాత్రం గాజుగ్లాసు మీద. లోపల తడి దూది కుక్కి, గాజుకీ దూదికీ మధ్య రాజ్మా గింజ దూర్చేవారు. వేరు బయటపడగానే నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి, "చూడండి, కిందికే పోతోంది. దానికి దారెవరు చెప్పారండీ?" అని కళ్లు తుడుచుకునేవారు. ప్రతిసారీ తుడుచుకునేవారు.

ఇక అదే గూడెంలో ఉండే కనకమ్మ సంగతి. ఒంటి మనిషి, ఎకరం మెట్ట. ఆ ఊళ్లో పురుగు పట్టకుండా విత్తనాలు పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీస్తారు. ఆ ఏడు ముసురులో కూతురు రాజకుమారి పురిటికొచ్చింది. పసిబిడ్డకి చలి తగలకూడదని మూడు వారాలు పొయ్యి ఆరనివ్వలేదు. పైన రాజ్మా విత్తనం మాడినంత పనయింది. అవి మొలవకపోతే ఆమెకి ఆ ఏడు పంట లేనట్టే. పోనీ ఎవరైనా ఇస్తే పుచ్చుకునే మనిషా? జాలిపడి ఇవ్వబోయిన పక్కింటి సింహాచలాన్ని, "నా కాలూ సెయ్యీ బాగానే ఉన్నాయి. ఒకలికాడ సెయ్యి సాపను" అని గుమ్మం దింపేసింది.

"కనకత్తా, పది గింజలియ్యి. మొలుస్తాయో లేదో దూదిలో పెట్టి చూస్తాను" అన్నారు మాస్టారు.

ఆరో రోజుకి దూది నల్లబడింది, గింజలు కుళ్లి కంపు కొట్టాయి. ఒక్కటీ మొలవలేదు.

"ఇప్పుడామెకి ఏం చెప్తారు?" అన్నాను.

"పది సరిపోలేదని చెప్తాను."

నిజంగానే వెళ్లి చెప్పారు. "మూట మొత్తం తే అత్తా. పెద్ద పరీక్ష సెయ్యాల." కనకమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి మూట తెచ్చిచ్చింది. ఎనిమిది రోజులు ఆ మూట మాస్టారింటి అటక మీదే ఉంది. తొమ్మిదో రోజున మూట పట్టుకెళ్లి, "పదికి తొమ్మిది మొలుస్తాయి అత్తా. బేగి వేసెయ్" అని ఇచ్చి వచ్చారు.

మూటెడు గింజల్ని తడి తగలకుండా ఎలా పరీక్షించారో నాకు అర్థం కాలేదు. ఆ ఏడు మాస్టారు, నిర్మల చూసుకునే తమ రాజ్మా చేలో రాజ్మాకి బదులు వలిసెలనే నూనెగింజలు చల్లించారు. ఇంట్లో మాత్రం పొద్దునా రాత్రీ రాజ్మా కూరే. ఎంత ఉడికించినా ఉడకదు. వాళ్లింట్లోనే తినే నేనూ మూడు నెలలు నమిలాను. దవడ నొప్పి పుట్టాక గానీ నాకు బుర్ర వెలగలేదు.

"మాస్టారూ, ఇవి కనకమ్మ గింజలు కదూ? మూటలో మీ విత్తనం పోసిచ్చారా?"

"తినండి మాస్టారూ, తినేటప్పుడు మాట్లాడకూడదు" అని ఇంకో గరిటె వడ్డించారు. ఆ క్షణాన ఆయనంటే నాకు పట్టరాని ఇష్టం కలిగింది. దాంతోపాటు భయమూ పట్టుకుంది. ఈ సంగతి తెలిస్తే కనకమ్మ పచ్చటి చేను పీకి ఆయన ముందు పడేస్తుంది. అంత రోషం ఆమెది.

పంట చేతికొచ్చాక ఒక పొద్దున్నే కనకమ్మ నెత్తిన మూటతో దిగింది. "మాస్టరూ, ఇవి మొలుత్తాయో లేదో సూడు."

"కొత్త గింజలు అత్తా, మొలవకేం?"

"నాకు అనుమానం. మూట మొత్తం సూడాల" అని తనే అటకెక్కించేసింది. మాస్టారు అటక కేసి చూసేలోగా ఆమె గుమ్మం దాటేసింది.

నేను వెనకాలే పరిగెత్తాను. "నీకెప్పుడు తెలిసింది?"

"మూట ఇప్పిన రోజే. నా గింజ ఎరుపు, ఆయనది సుక్కల గింజ. ఇత్తనం పోల్సుకోలేనిదాన్ని యవసాయమేటి సేత్తాను?"

"మరి తిప్పి పంపలేదే?"

"అబద్ధం ఆడ్డం రానోడు, నాకోసం కట్టపడి ఆడినాడు. ఎలాగ పంపీది?"

"అయితే ఈ మూట పరీక్ష ఎప్పటికవుతుంది?"

"వచ్చే వానలకి ఆయన సేలో మొలిత్తే అయిపోయినట్టే" అని కనకమ్మ నవ్వుకుంటూ దిగిపోయింది.