ఆటో ఆపమని చెప్పడం

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కడం నాకెప్పుడూ కష్టం కాలేదు. దిగడమే కష్టం. నాకు నత్తి. "ఆపు" అనాల్సిన చోట "ఆ" దగ్గరే గొంతు బిగుసుకుపోయేది. మేడిపల్లిలో నేనుండే సందు దాటిపోతున్నా నోరు మెదపకుండా కూర్చునేదాన్ని. ఎవరో ఒకరు ఆపమనేవారు. వాళ్లతో పాటు దిగి, హైవే పక్కన దుమ్ములో వెనక్కి నడిచేదాన్ని. కొన్ని సాయంత్రాలు నారపల్లి దాకా పోవాల్సి వచ్చేది. ఒకసారి సీటు ముందున్న కడ్డీ మీద తట్టాను.

"ఏందమ్మా, నోరు లేదా?" అన్నాడు డ్రైవరు.

అందరూ నావైపు చూశారు. మళ్లీ తట్టలేదు.

నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. మిషన్ల మోతలో ఎవరూ ఎవరితో మాట్లాడరు కాబట్టి నా సంగతి చాలామందికి తెలియదు. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం ఎంతసేపు మాట్లాడుకున్నా ఒక్క మాట తడబడేది కాదు. వినేవాళ్లు లేని చోటే నా గొంతు బాగుండేది.

ఒక ఉగాదికి ఒట్టు పెట్టుకున్నాను, దసరాకల్లా నత్తి లేకుండా మాట్లాడాలని. ఫోన్లో వీడియోలు చూసి రోజూ సాధన చేశాను. కానీ పొద్దున పాలప్యాకెట్ అడిగేటప్పుడే మాట తడబడేది. ఇక ఆ రోజంతా ఓడిపోయినట్టే. బోనాల నాటికి తలూపడం తప్ప మాట్లాడటమే మానేశాను.

నా పక్కన పనిచేసే అక్క అది కనిపెట్టింది. అన్నం తినేటప్పుడు అడిగింది. "ఏందే చెల్లె, మొత్తానికే బంద్ జేసినవ్?"

చాలాసేపు పట్టినా, అంతా చెప్పాను. ఆమె తినడం ఆపి విన్నది.

"నత్తి పోవుడు నీ చేతుల లేదు గదా. నోరు తెరుసుడు ఉన్నది. ఆటోల ఆపమను, సాలు. ఆగుకుంట ఆగుకుంట అన్నా, అన్నట్టే."

ఆ సాయంత్రం మా సందు రాకముందే మొదలుపెట్టాను. "ఆ... ఆ..." అంటుండగానే సందు దాటిపోయింది. పక్కామె నన్నే చూస్తోంది. ఆపకుండా అలాగే అన్నాను. పెట్రోల్ బంకు దగ్గర మాట బయటపడింది. డ్రైవరు మామూలుగా ఆపాడు, వెళ్లిపోయాడు. వెనక్కి నడిచాను గానీ, అంతకుముందు నడిచిన నడక కాదది.

తర్వాత కూడా అనలేకపోయిన రోజులున్నాయి. అయినా నిన్న అన్నదాన్ని, రేపు అనగలనని అనిపించేది. ఆ ధీమాతోనే పాలకొట్లో, బస్సులో ఒక్కొక్క మాట పెంచుకుంటూ పోయాను. దసరా వచ్చింది, పోయింది. నత్తి పోలేదు.

ఈ మధ్య, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడానికి ఎవరు వస్తారని సూపర్‌వైజర్ అడిగితే చెయ్యెత్తాను. మొదటి రోజు వాళ్ల ముందు చాలాసార్లు ఆగాను. వాళ్లు పని నేర్చుకున్నారు.

గదికొచ్చాక ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరున్నారు? అక్క అప్పటికే పని మానేసి చెంగిచెర్లలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేశాను.

"హలో, ఎవరు?"

నా పేరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. అవతల ఫోన్ పెట్టేస్తారేమోనని భయమేసినా, ఆ అక్షరాన్నే మళ్లీ మళ్లీ అన్నాను.

"నువ్వా చెల్లె! నిమ్మలంగ చెప్పు," అంది అక్క. "నేనేడికి పోత?"